నాయన రొమ్ము మీద ఊదా గీతలు

నాయన ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. గుంటూరు ఆస్పత్రిలో స్కానింగ్ తీసి, అది ఎక్కడుందో కంప్యూటర్లో చూసుకొని, రొమ్ము మీద ఒకటి, పక్కల రెండు, ఊదా సిరాతో ప్లస్ గుర్తులు గీసినారు. కరెంటు పెట్టే గదిలో గోడల్లోంచి ఎర్ర లైటు గీతలొస్తాయి. అవి ఈ గుర్తుల మీద సరిగ్గా పడేట్టు మనిషిని పడుకోబెట్టి కరెంటు, అదే రేడియేషన్, పెడతారంట. "వారం దాకా వీటికి నీళ్ళు తగలనీయొద్దు, చెరిగితే మళ్ళీ మొదటికొస్తాం" అని అక్కడి అమ్మాయి నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

నాలుగో రోజు గిద్దలూరు దగ్గర మా ఊర్లో పెదనాయన చనిపోయినాడు. నేను మార్కాపురంలో కుట్టుమిషన్ వదిలిపెట్టి బస్సెక్కి పోయేసరికి అంతా అయిపోయింది. నాయన అరుగు మీద తడి తలతో కూర్చోనుండాడు. చొక్కా ఎత్తి చూస్తే గీతల్లేవు! సన్నగా కిందికి పాకిన మరక మాత్రం మిగిలింది.

"నీకేమన్నా మతి ఉందా అమ్మా?" అని మా అమ్మ మీద గయ్యిమన్నా.

"కాటికి పోయొచ్చినోడు తలకు పోసుకోకుండా గడప ఎట్ల తొక్కుతాడే? నేనే సబ్బు పెట్టి రుద్దినా" అనింది. అని, తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని కూలబడింది. నాయన మాత్రం "అన్నకు మట్టేసొచ్చి నీళ్ళు పోసుకోకుంటే ఎట్లమ్మా" అన్నాడు మెల్లగా.

ఆస్పత్రికి ఫోన్ చేసుంటే సరిపోయేది. చేయలే. తిడతారని ఒక భయం. మళ్ళీ స్కానింగ్ అంటే ఇంకో నెల ఆగమంటారేమో, ఈలోపల గడ్డ పెరుగుతుందేమోనని దాన్ని మించిన భయం. పైగా పదిహేనేండ్లుగా జాకెట్లు కుట్టేదాన్ని, చంక కాడ అరంగుళం తేడా వస్తే కంటితోనే పట్టేదాన్నని పొగరొకటి. ఫ్యాన్సీ దుకాణంలో ఊదా మార్కర్ కొనుక్కొచ్చి, మిగిలిన మరకను బట్టి మూడు గీతలూ నేనే గీసినా. చెయ్యి వణుకుతానే ఉంది. నాయన కండ్లు మూసుకొని ఊపిరి బిగబట్టినాడు.

అనుకున్న రోజుకు తెల్లారే రైలెక్కి గుంటూరు పోయినాం. నాయన కంభం స్టేషన్లో టీ తాగి, "నువ్వు కూడా తాగమ్మా" అన్నాడు. నేను వద్దని కిటికీ వైపు తిరిగినా.

ఆస్పత్రిలో నాయన్ను లోపలికి తీసుకపోయినారు. ఆ గది తలుపు జానెడు మందముంది. అది మెల్లగా మూసుకుంటాంటే బల్ల మీద నాయన, ఆయన రొమ్ము మీద ఎర్ర లైటు, దాని కింద నా గీత కనపడినాయి. నా గీత! నాకు ఇంక తెలివి నిలవలే. "ఆపండమ్మా! అవి మీరు గీసినవి కాదు, నేను గీసినవి!" అని వరండా అదిరిపోయేట్టు అరిచినా.

అందరూ పరిగెత్తుకొచ్చినారు. మొదటిసారి కరెంటు పెట్టేముందు లోపల ఫోటో తీసి సరిచూసుకుంటామని, దాంట్లో ఎట్లాగూ బయటపడేదని ఆ అమ్మాయి చెప్పింది. డాక్టరు మాత్రం నన్ను ఎడాపెడా తిట్టినాడు. తిట్టనీ, ఆ మాత్రం పడాల్సిందే. ఆరోజే మళ్ళీ స్కానింగ్ తీసినారు. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూపిస్తే, నా గీత రెండు వేళ్ళంత కిందికుంది.

"మేము చూసుకోకుండా నీ గీతనే నమ్ముంటే కరెంటు ఎక్కడ పడేదో తెలుసా?" అన్నాడు డాక్టరు. "గుండె మీద."

బయటికొచ్చినాక నాయన చొక్కా గుండీలు పెట్టుకుంటా రొమ్ము మీద ఒకచోట వేలు పెట్టి చూపించినాడు. ఎప్పుడో ఎద్దు పొడిచిన మచ్చ.

"వాళ్ళు ముందు గీసింది దీని మీదమ్మా. నువ్వు దీనికి కింద గీసినావు."

"తెలిసి కూడా ఆ బల్ల మీద పడుకున్నావా? ఎందుకు చెప్పలేదు నాయనా?"

"నీ చెయ్యి అట్ల వణుకుతాంటే ఏం చెప్పేది?" అన్నాడు.