తనిఖీ రోజు మా మేనత్త చేసిన పూజ

మా మేనత్త పోయింది. ఆదోని నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో నా కుట్టుమిషన్ల గదికి తాళం తీస్తున్నాను. "అత్త లేదు" అని రెండు మాటలే చెప్పి తమ్ముడు ఏడ్చేశాడు. నేను తీస్తున్న తాళం మళ్లీ వేసేశాను. ఏడుపు నాకూ వచ్చింది గాని, దాని వెనకే గర్వం కూడా వచ్చింది. నేను ఆమె మేనకోడలినని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. అందుకే మీకు చెబుతున్నాను.

ఆదోనిలో పత్తి మిల్లుల వెనక సందులో ఆమెది రెండు గదుల ఇల్లు. మామ పోయాక, చిన్న పరిశ్రమలకిచ్చే ప్రభుత్వ పథకం కింద సబ్సిడీ లోను తీసుకుని ముందు గదిలో మిషన్లు వేయించింది. నేనూ అక్కడే పని నేర్చుకున్నాను. నైటీలు, లంగాలు కుట్టేవాళ్లం. ఎవరైనా "కుట్టుపని చేస్తాండావంట గదా" అంటే ఆమెకు ఒళ్లు మండేది. "కుట్టుపని కాదప్పా, యూనిటు" అని దిద్దేది.

చాయ్ వస్తే ఆమె గ్లాసు అందరికంటే చివర తీసుకునేది. కోపం మాత్రం అందరికంటే ముందు వచ్చేది. వంకర కుట్టు కంటబడితే, "ఇది నువ్వు కట్టుకుంటావా? మరి ఇంగొకామెకు యాటికి కుడ్తాండావు?" అని మొత్తం విప్పించేది. నా చేత ఎన్ని విప్పించిందో నాకే తెలుసు. సి.బెళగల్ నుంచి, మద్దికెర నుంచి ఎవరైనా ఆడవాళ్లు పథకం గురించి అడగడానికి వచ్చి నసుగుతుంటే, "సిగ్గు యాటికి? అది మన కోసం పెట్టిందే" అని తానే వెంట తీసుకెళ్లేది. నా యూనిట్ కూడా అలా పుట్టిందే.

ఆమె దగ్గర పనిచేసేవాళ్లంతా పల్లెల వాళ్లు. వానలు మొండికేస్తే మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు, అంటే సుగ్గికి, పోయేవాళ్లు. ఇంటికి తాళం, పిల్లలకు బడి బంద్. మేనత్త పని ఇచ్చాకే ఆ వలస తప్పింది.

అయితే సబ్సిడీ అంటే ఇచ్చేసి మరిచిపోయేది కాదు. కొన్నేళ్ల తర్వాత అధికారులు వచ్చి, యూనిట్ నడుస్తోందని కళ్లారా చూసి రాయాలి. లేదంటే అది వెనక్కి పోతుంది, లోనంతా మన నెత్తిన పడుతుంది. ఫలానా రోజు తనిఖీకి వస్తున్నామని కబురు వచ్చింది. ఇంటికి పెద్దమనిషి వస్తే మావాళ్లు ఏం చేస్తారో అదే చేశాం. బండలు కడిగాం, ముగ్గు వేశాం, కుట్టే గుడ్డలన్నీ మూటగట్టి అటకెక్కించాం. మేనత్త దసరాకు చేసినట్టే మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి, టెంకాయ కొట్టింది.

అధికారి వచ్చి చుట్టూ చూసి, "ఏదీ, నడిపి చూపించండమ్మా" అన్నారు.

"పూజ సేసినాము సార్. ఈ పొద్దు తొక్కగూడదు" అంది మేనత్త చేతులు కట్టుకుని.

యూనిట్ నడవడం లేదని రాసుకుని ఆయన వెళ్లిపోయారు. ఆ సంగతి కాగితం వచ్చి తెలిసిన రోజు ఎవరికీ అన్నం సయించలేదు. గోనెగండ్ల నుంచి వచ్చే ఒకామె, "మళ్ల సుగ్గేనా అక్కా?" అంది. మరునాడు మేనత్త నన్ను వెంటబెట్టుకుని కర్నూలు బస్సెక్కింది.

ఆ అధికారి ఆఫీసులో కాళ్లావేళ్లా పడుతుందేమోనని నా భయం. ఆమె నిటారుగా నిలబడింది.

"నేను చూసిందే రాశానమ్మా" అన్నారాయన.

"మీరు రాసింది తప్పు గాదు సార్. మీరొస్తారని పని ఆపినాం సూడు, అది మా తప్పు. ఇంగొకసారి రాండి. ఈసారి వస్తామని మాత్రం సెప్పొద్దండి."

ఆఫీసుల్లో అలా కూడా మాట్లాడవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. బస్సులో ఆమె పక్కన కూర్చుంటే నేనే ఏదో గెలిచినట్టు అనిపించింది.

ఆయన నిజంగానే చెప్పకుండా వచ్చారు. ఆ పూట కరెంటు లేదు. తొక్కుడు మిషన్లు గడగడమంటున్నాయి, నేలంతా గుడ్డపీలికలు. మేనత్త గుమ్మానికి ఎదురుగా కూర్చుని నల్ల లంగాకు అంచు కుడుతూ, తెగిన దారం మళ్లీ ఎక్కించబోతోంది. గుమ్మంలో మనిషి నిలబడేసరికి నీడ పడింది. ఆమె తలైనా ఎత్తకుండా, "రవ్వంత పక్కకు జరుగప్పా, వెలుతురు రానీ" అంది.

ఆ వచ్చింది అధికారేనని నేను గుర్తుపట్టాను. యూనిట్ నడుస్తోందని ఆయన రాయడం, సబ్సిడీ నిలవడం, ఆ ఏడు మావాళ్లెవరూ మూటలు కట్టకపోవడం, అవన్నీ తర్వాత జరిగాయి. ఆ క్షణంలో ఆయన చెప్పులు విడిచి, పక్కకు జరిగి గోడవారన నిలబడ్డారు. ఆయన జరిగిన చోటి నుంచి ఎండ లోపలికి వచ్చి నల్ల గుడ్డ మీద పడింది. మేనత్త సూదిలోకి దారం ఎక్కించుకుని మళ్లీ తొక్కసాగింది.