లాయరు గారికి నేనిచ్చిన ఉపన్యాసం

అడిగిన వెంటనే చేతిలో పెట్టిన వస్తువు కోసం కూడా యుద్ధం చేసిన వీరుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కాస్త ఇటు తిరగండి. ఆ యుద్ధంలో నేను ఎంత ఘనంగా మునిగిపోయానో చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నల్లపాడు అవతల మా మిరప చేనుకు పక్క రైతు పొలం అంచునే దారి. ఆయనకేం తోచిందో, ఆ దారికి అడ్డంగా ముళ్లకంప కొట్టాడు. దారి లేకపోతే ట్రాక్టరు రాదు, ట్రాక్టరు రాకపోతే కాయ కళ్లానికి చేరదు. పొలం నా పేర పెట్టడం మా నాన్న చేసిన పొరపాటు కాబట్టి కేసూ నా పేరనే పడింది.

మా లాయరు రాఘవయ్య గారు నెమ్మదస్తుడు. ఆయన వేసిన అర్జీ మీద కోర్టు పంపిన కమిషనర్ ఒకాయన వచ్చి దారి చూసి వెళ్లాడు. ఆయన రిపోర్టు రావాలి, అంతవరకూ ఆగమనేవారు. మూడు వాయిదాలయ్యేసరికి నాకు ఓపిక పోయింది. అదే వారం పేపర్లో న్యాయసలహాల శీర్షిక చదివాను. లాయరును మార్చుకునే హక్కు క్లయింటుకు ఉందట, ఫైలు తిరిగివ్వాల్సిందేనట. డిగ్రీ రెండుసార్లు తప్పిన నాకు ఆ పది వాక్యాలు మాత్రం ఒక్క చదువులో వచ్చేశాయి. మిరప మొక్కల ముందు నిలబడి రెండు రోజులు సాధన చేశాను. ఒక్క మొక్కా ఎదురు చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ఖాళీ మిర్చి గోతం చంకన పెట్టుకుని ఆయన ఆఫీసుకు వెళ్లాను. ఫైలు గోతంలో వేసుకుపోతే ఆయనకు అవమానంగా ఉంటుందని నా ఎత్తు. బెంచీల మీద పదిమంది క్లయింట్లున్నారు. నాకు కావలసిందీ అదే.

"లాయరును మార్చుకుంటున్నానండి. నా ఫైలు నాకు కావాలి."

"అలాగే బాబూ," అని ఆయన గుమస్తా చేత కాగితాల కట్ట నాకు ఇప్పించారు.

బుద్ధున్నవాడైతే అక్కడే దణ్ణం పెట్టి బయటపడతాడు. నాకు మాత్రం ఎక్కడలేని నిరాశ కలిగింది. రెండు రోజుల సాధన ఏం కావాలి? అందుకని కట్టను గుండెలకు హత్తుకునే, దాన్ని నాకు ఎందుకివ్వాలో పావుగంట చెప్పాను. హక్కులన్నాను, చట్టమన్నాను. ఆయన మధ్యలో చెయ్యెత్తి, "సరేనయ్యా, ఇంకో సంతకం కూడా..." అనబోయారు.

"మీ సంతకంతో నాకిక పనిలేదండి."

కట్టను గోతంలో పడేసి నడిచాను. లేచిన ఘాటుకు పదిమందీ కళ్లు తుడుచుకున్నారు. నా మాటలకు చలించిపోయారనుకున్నాను.

కొత్త లాయరు కుర్రాడు. కట్ట విప్పి, ఆరుసార్లు తుమ్మి, కొత్త వకాల్తా మీద నా సంతకం తీసుకుని, ఆ కాగితం నాకే తిరిగిచ్చాడు.

"పాత లాయరు గారు దీని మీద 'అభ్యంతరం లేదు' అని రాసి సంతకం పెట్టాలండి. లేకపోతే సోమవారం నేను కోర్టులో నిలబడలేను."

"ఆయన్ని నేనే తీసేశానండీ."

"ఎవరు ఎవర్ని తీసేసినా సంతకం ఆయనదే."

సోమవారం తప్పితే మళ్లీ నెలకే వాయిదా. అప్పటికి కాయ చెట్టు మీదే ఎండి రాలిపోతుంది. సిగ్గు కన్నా ఆ భయమే పెద్దదై, శనివారం పొద్దున్నే నన్ను అదే ఆఫీసుకు తోసుకెళ్లింది. బెంచీల మీద సగం మంది నిన్నటివాళ్లే. ఒక పెద్దాయన పక్కకు జరిగి, "ఇవాళ ఎంతసేపు నాయనా?" అని మర్యాదగా అడిగాడు.

రాఘవయ్య గారు ఏమీ దెప్పలేదు. "నిన్న చెప్పబోయింది ఇదేనయ్యా," అని సంతకం పెట్టారు. ఆయన తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

సోమవారం కొత్త లాయరు కట్టలో పైనున్న కాగితం ఒక్కటే చదివాడు. అది కమిషనర్ రిపోర్టు, దారి పాతదేనని అందులో ఉంది. గురువారమే వచ్చిందట, అంటే నేను నా హక్కులు సాధించుకోవడానికి ఒకరోజు ముందు. ముళ్లకంప తీసేయమని కోర్టు చెప్పింది. దారి ఇప్పించింది నేను తీసేసిన లాయరే.

మొదటి కోత కాయ ఒక గోతం నింపుకుని రాఘవయ్య గారింటికి మోసుకెళ్లాను. క్షమాపణ చెప్పడానికి గొంతు సవరించుకోగానే ఆయన చెయ్యెత్తారు.

"కాయకు అభ్యంతరం లేదు బాబూ. ఉపన్యాసానికి ఉంది."

ఇందుమూలంగా నేను పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేయునదేమనగా, అడిగింది చేతికొచ్చాక ఇక నోరు తెరవను. సాధన మరీ వృథా అవుతుందనిపిస్తే, మిరప చేనుంది.