రోటియా పెద్దమ్మ చెప్పిన అంకె

మా రోటియా పెద్దమ్మ చేమ గుంటలోకి దిగితే తల, భుజాలు మాత్రమే కనిపిస్తాయి. పెదనాన్న వాళ్ళ తాత ఇసుక తవ్వి, అడుగున తియ్యనీరు ఊరేదాకా దిగి చేసిన గుంట అది. పెద్దమ్మ రోజూ ఎండుటాకులు చించి ఒక్కో మొక్క మొదట్లో వేసి, చేత్తో మెల్లగా ఒత్తుతుంది. మార్చిలో వచ్చిన పెద్దపోటుకి సముద్రం గుంటలో పడింది. రెండు వరసల ఆకులు పసుపెక్కాయి. పెద్దమ్మ ఆ నీటిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నన్నూ రుచి చూడమంది. ఉప్పగా ఉంది.

ఆ మధ్యే సముద్రాన్ని ఆపే గోడ కట్టడానికి ఊరికి సిమెంటు సంచులు వచ్చాయి. ఒక్క వైపుకే సరిపోతాయి. ఎక్కడ కట్టాలో మనేబాలో, అంటే ఊరి సభాశాలలో, పెద్దలు కూర్చుని తేల్చాలి. మనేబాలో ప్రతి కుటుంబానికీ ఒక తావు ఉంటుంది. ఆ తావులో ముందు కూర్చున్న మగవాడే మాట్లాడతాడు, ఆడవాళ్ళు వెనక ఉంటారు. పెదనాన్న బతికున్నప్పుడు పెద్దమ్మ వెనకనుంచి గొణిగేది, ఆయన అదే మాట గట్టిగా చెప్పేవాడు. ఆయన పోయాక అక్కడ ఆయన తమ్ముడు కబిరి కూర్చుంటున్నాడు. కబిరి బాబాయికి కూర్చుంటే నిద్ర వస్తుంది. గోడ సంగతి వచ్చిన రోజు పెద్దమ్మ వెనకనుంచి గిల్లింది. ఆయన ఉలిక్కిపడి, "మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. దేనికి లేదో ఆయనకే తెలియదు. గోడ పడవల రేవు వైపు అని మాట దాదాపు ఖాయమైంది.

ఆ వారమే ఫిజీ నుంచి సలోటే వచ్చింది. ఏ దేశంలో జనం మాట ఎంత చెల్లుతుందో, మనిషికి ఎంత స్వేచ్ఛ ఉందో ఆమె పనిచేసేచోట కొలిచి పుస్తకం వేస్తారట. ఆమెకి మా భాష రాదు. బడి పంతులు రాజధాని తరవాకి వెళ్ళి ఉన్నాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని, ఎనిమిదిలో బడి మానేసిన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టారు. సలోటే ఒక్కొక్కరినీ విడిగా అడగాలంది. విడిగా ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఊరంతా మనేబాలో చుట్టూ చేరి కూర్చుంది.

ఒకటి నుంచి పది దాకా, నీకెంత స్వేచ్ఛ ఉంది? ఇదీ ప్రశ్న. ఆ మాటకి నాకు తోచింది 'ఇనవోమాట'. ఒకరి నేల మీద బతకనివాణ్ణి, సొంత నేల ఉన్నవాణ్ణి అలా అంటాం. అలాగే అడిగాను.

అందరికన్నా పెద్దవాడు బెనియామినా తాత వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "నేలుంది. కొబ్బరిచెట్లున్నాయి. ఏడు."

"పది ఎందుకు కాదంటోంది, తాతా."

"పదంటే నేనేమన్నా రాజునా? ఈ దీవి పేరుకి అర్థమే రాజు వద్దని. ఆ పిల్లకి చెప్పు."

రెండో ఆయన కూర్చోకముందే, "తాత ఎంతన్నాడు?" అన్నాడు.

"ఏడు."

"నాదీ ఏడే రాయమను."

ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ ఏడే. కబిరి బాబాయి ఆవలిస్తూ ఏడన్నాడు. వీళ్ళు ముందే మాట్లాడుకున్నారా అని సలోటే నన్ను అడిగింది. ఒకడి తల పక్కవాడి తలకన్నా పైకి లేస్తే మా వాళ్ళు ఊరుకోరని చెప్పాలనుకున్నాను. అన్ని ఇంగ్లీషు మాటలు నా దగ్గర లేవు. "అందరూ ఒకటే" అన్నాను. ఆమె అదీ చేతిలోని ఫోనులో రాసుకుంది.

పెద్దమ్మ వంతు వచ్చింది. చాప మీద కూర్చుని నా చెవిలో అడిగింది. "ఈ నంబరు ఎక్కడికి పోద్దే?"

"పుస్తకంలోకి, పెద్దమ్మా."

"ఆ పుస్తకం చూసి గోడ కడతారా?"

సలోటేని అడిగాను. గోడలకీ దీనికీ సంబంధం లేదంది. ఆ మాట పెద్దమ్మకి చెప్పాలో వద్దో తేలక, తెలీదట అన్నాను.

పెద్దమ్మ కాసేపు తన గోళ్ళలోని మట్టి చూసుకుంది. "రెండు."

చాపల మీద తలలన్నీ ఇటు తిరిగాయి.

"రెండా!" అన్నాడు తాత. "నిన్నెవరు తక్కువ చేశారు, రోటియా?"

"ఎవరూ చెయ్యలా మామా. సొంత నేలుందా అని అడిగింది. సగం నేల ఉప్పయిపోయింది. మిగతా సగం వచ్చే పోటుకి పోద్ది. రేవుకి గోడ కట్టుకోండి, పడవలు ఉప్పుకి చావవుగా! నా చేమ చస్తుంది."

ఆమె గొంతు మనేబాలో అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ఆమె ఏమంటోందని సలోటే నా మోచేయి లాగుతూనే ఉంది.

"తావులో మగాడుండగా నువ్వెందుకు..." అని ఎవరో అన్నారు.

కబిరి బాబాయి అప్పటికి పూర్తిగా మేలుకున్నాడు. "మా తావు మాట అదే" అన్నాడు. "గిల్లుడు తినలేక చస్తున్నా."

నవ్వులు లేచాయి. పెద్దలు తలలు దగ్గర పెట్టుకున్నారు. తాత ఆకుచుట్ట ఆరిపోయింది, మళ్ళీ వెలిగించుకున్నాడు.

"గోడ నీ గుంట దగ్గరనుంచే మొదలెడతాం. ఇప్పుడెంత?"

"ఇంకా కట్టలేదుగా మామా. నాలుగు."

"ఏడు చెయ్యమ్మా, మర్యాదగా ఉంటుంది."

"నాలుగే."

రెండు రాయాలా, నాలుగు రాయాలా అని సలోటే నన్ను అడిగింది. నేను అడిగిందే తప్పు ప్రశ్నేమోనని అప్పుడు తట్టింది. ఆమె ముఖం చూస్తే చెప్పాలనిపించలేదు. తెలీదన్నాను. ఆమె ఏదో నొక్కింది. ఏది నొక్కిందో నేను చూడలేదు.

గోడ లేచింది. అది చేమ కోసం లేచిందో, పెద్దమ్మ రెండుని పైకి తేవడానికి లేచిందో నాకిప్పటికీ తెలియదు. పసుపెక్కిన వరసల్లో ఒకటి తేరుకుంది, ఒకటి పోయింది. బెనియామినా తాత అటుగా వెళ్ళినప్పుడల్లా గుంటలోకి వంగి, "ఇప్పుడెంత, రోటియా?" అంటాడు.

పెద్దమ్మ నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటుంది. "ఐదు మామా" అంటుంది, తల ఎత్తకుండానే.