నోరు మూసుకోవడంలో నా శిక్షణ

కొత్తగా టీచరునైన ఆ రోజుల్లో లోకంలో ప్రతి కష్టానికీ నా దగ్గర ఒక సలహా ఉండేది. తలనొప్పి అన్నవాళ్లకు నీళ్లు తాగమనీ, చదువు ఎక్కడం లేదన్నవాళ్లకు తెల్లవారుజామునే లేవమనీ, మొగుడు మాట వినడం లేదన్న మా పక్కింటి అక్కకు కొంచెం ఓపిక పట్టమనీ (అప్పటికి నాకింకా పెళ్లే కాలేదు) చెప్పేదాన్ని. ఎవరూ అడిగేవాళ్లు కాదు, అయినా చెప్పేదాన్ని. మా నాన్నకు నెల్లూరులో గాజుల కొట్టు. వచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విప్పేలోగానే వాళ్ల చేతికి ఏ రంగు నప్పుతుందో నాన్న తేల్చేసేవాడు. ఆ గుణమే నాకు వచ్చిందని అమ్మ అనేది. నేను దాన్ని పొగడ్త అనుకునేదాన్ని.

నాకు పోస్టింగు చిట్టమూరు మండలంలో ఒక హైస్కూల్లో వచ్చింది. రోజూ నెల్లూరు నుంచి గూడూరు దాకా రైలు, అక్కణ్ణించి బస్సు, బస్సు దిగాక షేర్ ఆటో. ఆ ఆటోలో ఒకవైపు నేనూ, రెండో వైపు రొయ్యల గుంటలకు పోయే మేత బస్తాలూ. బడి చేరేసరికి నా చీరకు ఏ వాసన ఉండేదో చెప్పక్కర్లేదు. నేను చెప్పేది జీవశాస్త్రం. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాకముందే పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఉపాధ్యాయులకు శిక్షణ అట, వారం రోజులు నెల్లూరులో, బడికి ఒకరు. సీనియర్లందరికీ ఆ వారమే ఏదో ఒకటి వచ్చిపడింది. లెక్కల సారుకు నడుము పట్టేసింది, తెలుగు మేడమ్‌కు దగ్గరి వాళ్ల పెళ్లి కుదిరింది. మా హెడ్‌మాస్టరు గారు అందరినీ ఒకసారి చూసి, చివరకు నా దగ్గర ఆగారు. "నీది ఎట్టా నెల్లూరే కదమ్మా. ఇంటి అన్నం తింటా నేర్చుకోని రా" అన్నారు. నా యోగ్యత అంతా మా ఇంటి అన్నంలోనే ఉందని అప్పుడు తెలిసింది. అయినా ఇంటికి పోయి మాత్రం, స్కూలు మొత్తం మీద నన్నొక్కదాన్నే ఎంపిక చేశారని గర్వంగా చెప్పుకున్నాను.

శిక్షణ ఇచ్చింది ఒక డాక్టరమ్మ. సన్నగా, నెమ్మదిగా, ఫ్యాను చప్పుడులో కలిసిపోయేంత చిన్న గొంతుతో మాట్లాడేది. ఆమె మాట వినాలంటే మేము నోరు మూసుకోక తప్పదు, బహుశా అదే ఆమె ఉపాయం. మొదటి రోజే మమ్మల్ని జంటలు చేసి, ఒకరు టీచరుగా, ఒకరు కష్టంలో ఉన్న పిల్లగా నటించమంది. నా జంటగా వచ్చింది సంగం నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారు. ఆరడుగుల మనిషి, చెవుల దాకా తిరిగిన మీసాలు, మామూలుగా మాట్లాడినా మైదానం అవతలి దాకా వినిపించే గొంతు. ఆయన తొమ్మిదో తరగతి ఆడపిల్ల. లెక్కల్లో తప్పి, ఇంట్లో చెప్పడానికి భయపడుతోంది. మాస్టారు ఆ పాత్రను చాలా మనసు పెట్టి తీసుకున్నారు. జేబు రుమాలు తీసి ఓణీలాగా భుజాన వేసుకుని, తల వంచుకుని, బొటనవేలితో నేల రాస్తూ నిలబడ్డారు. హాలంతా నవ్వులు. నేను నవ్వలేదు, నాకు అప్పటికే బోలెడు సలహాలు పొంగుకొస్తున్నాయి.

ఏడవకూడదమ్మా అన్నాను. ధైర్యంగా ఉండాలన్నాను. పొద్దున్నే లేచి ఎక్కాలు చూసుకోమన్నాను, నానబెట్టిన బాదంపప్పు తినమన్నాను, ఓడిపోయినవాళ్లే గెలుస్తారని చెప్పి ఒక ఉదాహరణ కూడా మొదలుపెట్టాను. డ్రిల్లు మాస్టారు మెల్లగా తలెత్తి, "టీచర్, నేనింకా ఏమీ చెప్పలేదు" అన్నారు. ఈసారి నవ్విన నవ్వుకు పక్క గదిలో జరుగుతున్న మీటింగు వాళ్లు కూడా వచ్చి తొంగిచూశారు. డాక్టరమ్మ నవ్వలేదు. నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "పిల్ల నోరు తెరవకముందే మందు రాసిచ్చేశారు. ఇప్పుడు ఆ పిల్ల మళ్లీ మీ దగ్గరకు వస్తుందంటారా" అని మాత్రం అడిగింది. నేను డ్రిల్లు మాస్టారి వంక చూశాను. ఆయన రుమాలు సర్దుకుంటూ, రానన్నట్టు తల అడ్డంగా ఊపారు. పాత్రలోంచి ఇంకా బయటికి రాలేదు పాపం.

ఆ వారంలో నేర్చుకున్నవన్నీ వినడానికి చాలా చిన్న సంగతులు. పిల్లలు చెబుతున్నప్పుడు మధ్యలో అందుకోవద్దు. 'ఈ మాత్రానికేనా' అనవద్దు. మౌనం వస్తే కంగారుపడి దాన్ని నింపవద్దు. ఏం విన్నామో అది మన మాటల్లో తిరిగి చెప్పి, సరిగానే అర్థం చేసుకున్నామా అని అడగాలి. ప్రాణం మీద విరక్తి ఉన్నట్టు అనుమానం వస్తే దాటవేయకుండా సూటిగా అడగాలి, అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. అటువంటి విషయం రహస్యంగా ఉంచుతానని మాత్రం ఎప్పుడూ మాట ఇవ్వకూడదు. మనం డాక్టర్లం కాదు, డాక్టరు దాకా చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లం. ఇవన్నీ నేను శ్రద్ధగా రాసుకున్నాను. చిక్కల్లా ఏమిటంటే, సాధన చేయడానికి ఇంట్లో అమ్మ తప్ప నాకెవరూ దొరకలేదు.

మొదటి సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అమ్మ వంటింట్లో చిరాగ్గా ఉంది. సగం వంటలో గ్యాసు అయిపోయిందట. నేను ఒక పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, డాక్టరమ్మ చూసినట్టే మెత్తగా చూసి, "గ్యాసు అయిపోయిందని నీకు బాధగా అనిపిస్తా ఉంది, అంతే కదమ్మా" అన్నాను. "అనిపించేదేందే, అయిపోయిండాది. లేచి పక్కింట్లో సిలిండరు అడుక్కోని రా" అంది అమ్మ. నేను లేవలేదు. మౌనం వస్తే నింపకూడదని కదా చెప్పారు, అందుకని అలాగే చూస్తూ కూర్చున్నాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. మర్నాడు కూడా నేను సలహా ఒక్కటీ చెప్పకపోయేసరికి ఇంట్లో నిజంగానే భయం మొదలైంది. ఎవరో ఏదో అన్నారనీ, లేకపోతే బడి ఊరి నీళ్లు పడలేదనీ అనుకుని, అమ్మ నన్ను దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నాన్న మాత్రం కొట్లోంచి వచ్చి, ఇల్లు బో ప్రశాంతంగా ఉందని ఊరుకున్నాడు.

వారం తర్వాత బడికి తిరిగి వెళ్లి, మధ్యాహ్నం భోజనాలయ్యాక సైన్సు ల్యాబులో కూర్చుంటాననీ, ఎవరికి ఏం చెప్పుకోవాలన్నా రావచ్చనీ ప్రార్థనలో ప్రకటించాను. మర్నాటికల్లా నాకు 'మనసు టీచర్' అని పేరు పడింది. ఒక్కరూ రాలేదు. అస్థిపంజరం బొమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లం, వినడంలో అదే నాకంటే నయం. ఎట్టకేలకు ఒక ఆరో తరగతి వాడు వచ్చి, మనసు బాగాలేదనీ, డ్రిల్లు పీరియడుకు సెలవు ఇప్పించమనీ అడిగాడు. స్టాఫ్ రూములో లెక్కల సారు (నడుము బాగైపోయింది) నన్ను చూసినప్పుడల్లా, "ఏమ్మా, ఈరోజు ఎన్ని మనసులు రిపేరు చేసినావు" అనేవారు. నేను నవ్వేసేదాన్ని గానీ, లోపల ఉడుక్కునేదాన్ని. అయినా ల్యాబు తలుపు మూయలేదు. మొండితనం కూడా మా ఇంటి గుణమే.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక రోజు పదో తరగతి అమ్మాయి వచ్చింది. ఆ పిల్లను మేమంతా 'ఫస్టు పాప' అనేవాళ్లం. ఆరో తరగతి నుంచీ అన్నిట్లో ఫస్టు. వాళ్ల నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా, అమ్మ కూలి పనికి పోతుంది. మా హెడ్‌మాస్టరు గారికి ఆ పిల్ల మీద ఎంత ఆశంటే, జిల్లాలో మన బడి పేరు నిలబెట్టేది ఈ పాపేనని రాసి, ఫోటో కూడా అతికించి నోటీసు బోర్డులో పెట్టారు. అది చూసి మేమందరం సంతోషించాం, నేను కూడా. ఆ పిల్ల వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నా నాలుక మీద సలహాలన్నీ బారులు తీరాయి. కూర్చోమని మాత్రం అని, ఊరుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని అంతకుముందు చేయలేదు. బయట గంట కొట్టారు, పిల్లలు పరుగెత్తారు, చప్పుడంతా సద్దుమణిగింది. అప్పటికి ఆ పిల్ల నోరు విప్పింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయట. అన్నం దిగడం లేదు, నిద్ర పట్టడం లేదు. ఫస్టు రాకపోతే అందరి మొహాలు ఎట్లా మారతాయో రోజూ కళ్లముందు కనపడుతున్నాయట. చివరకు నా వైపు చూడకుండా అంది.

"పొద్దున లేవకుండా ఉండిపోతే బాగుణ్ణు అనిపిస్తా ఉంది టీచర్."

అట్లా మాట్లాడకూడదమ్మా అనేది నా పెదవుల దాకా వచ్చింది. మింగాను. "చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్ల తల ఊపింది, ఊపగానే భోరుమని ఏడ్చింది. నేను ఏడవద్దనలేదు. దగ్గరకు జరిగి కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. కొంచెం తేరుకున్నాక ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది. ఆ మాట ఇవ్వలేననీ, కానీ నీకు తెలియకుండా ఒక్క అడుగు కూడా వేయననీ, మొదట ఎవరికి చెబుదామో నువ్వే చెప్పమనీ అన్నాను. మొదట అమ్మకు చెబుదామంది. ఆ రోజు నేను తర్వాతి క్లాసులకు పోలేదు, ఆ పిల్లను ఒంటరిగా వదలలేదు.

వాళ్లమ్మను పిలిపించాలంటే హెడ్‌మాస్టరు గారికి చెప్పక తప్పదని పిల్లను ఒప్పించి, తెలుగు మేడమ్‌ను తోడు ఉంచి వెళ్లాను గానీ, ఆయనకు చెప్పడానికే ఎక్కువ భయపడ్డాను. పరీక్షలు దగ్గరకొస్తున్నాయి, ఆయన ఆశ అంతా ఆ పిల్లే. నేను చెబుతున్నంతసేపూ ఆయన టేబులు మీద కాగితాలు ఎగరకుండా పెట్టే గాజు గుండును తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత లేచి వరండాలోకి పోయారు. నేను వెనకాలే వెళ్లాను. నోటీసు బోర్డు అద్దం తెరిచి, ఆ కాగితాన్ని ఒక మూల నుంచి జాగ్రత్తగా ఊడదీస్తున్నారు, ఫోటో చిరగకుండా. గమ్ము గట్టిగా పట్టుకుంది. గోటితో గీకి గీకి మొత్తం తీసి, మడిచి జేబులో పెట్టుకుని, "ఈ బడికి పేరు రాకపోతే ఏమయిందమ్మా. వాళ్లమ్మను పిలిపించు" అన్నారు. ఆ పెద్దాయన మీద నాకున్న గౌరవం ఆ వరండాలో పెరిగింది, ఇప్పటికీ తగ్గలేదు.

వాళ్లమ్మ నాట్ల పనిలోంచి అట్లాగే వచ్చింది, కాళ్లకు బురద. మనసు డాక్టరు అనే మాట వినగానే నా మీద విరుచుకుపడింది. నా బిడ్డకు పిచ్చంటావా అంది. రేపు ఎవరైనా ఏమైనా అంటే నువ్వు వచ్చి సర్దుతావా అంది. నేను చదువుకున్న పిల్లననీ, తమ కష్టం నాకేం తెలుసుననీ అంది. నేను మధ్యలో అందుకోకుండా విన్నాను. ఆమె భయపడుతోంది, నాకూ భయంగానే ఉంది. చాలాసేపటికి ఆమె మాటలు అయిపోయాయి. "బిడ్డ మీద మీకు దిగులుగా ఉండాది. నాకూ అంతే" అన్నాను. ఆమె కూతురి వైపు చూసింది. దగ్గరకు పోయి పైట చెంగుతో ఆ పిల్ల మొహం తుడిచింది. తర్వాత నా వైపు తిరిగి, "నెల్లూరుకు బస్సు ఎన్ని గంటలకమ్మా" అని అడిగింది.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత మందులూ, మాటలూ, మధ్యలో మళ్లీ రెండు మూడుసార్లు దిగులు కమ్మిన రోజులూ అన్నీ నడిచాయి. ఫస్టు పాప ఆ ఏడు ఫస్టు రాలేదు. మామూలు మార్కులతో పాసయి, ఫలితాలు వచ్చిన రోజు బడికొచ్చి, అందరికీ చాక్లెట్లు పంచింది. లెక్కల సారు చాక్లెట్టు తీసుకుని, చాలాసేపు దాన్ని విప్పకుండా పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం పోతూ పోతూ నా దగ్గర ఆగి, మళ్లీ శిక్షణ ఏదైనా ఉంటే ఈసారి తన పేరు చెప్పమన్నారు. నేను గొప్పకు పోకూడదని చాలా ప్రయత్నించాను గానీ, ఆ రోజు షేర్ ఆటోలో మేత బస్తాల పక్కన కూర్చున్నప్పుడు మహారాణిలా ఉన్నాననే చెప్పాలి.

ఇప్పుడు నేను వేరే బడిలో ఉన్నాను. పెళ్లయింది, పిల్లలున్నారు, ఆ బాదంపప్పుల టీచరును తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. ఎంత ధైర్యంగా ఉండేదో, ఏమీ తెలియకుండా. ఫస్టు పాప సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తూ, అక్కడే హాస్టల్లో ఉంటోంది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. మొన్న ఆదివారం నేను వంటింట్లో ఉండగా చేసి, వాళ్ల హాస్టల్లో సాంబారు గురించి అరగంట తిట్టింది. ముక్కలుండవట, నీళ్లట, వార్డెనుతో ఈ రోజు తాడోపేడో తేల్చుకుంటుందట. మధ్యలో నవ్వింది, మళ్లీ తిట్టింది. నేను ఊఁ కొడుతూ విన్నాను. పొయ్యి మీద వంకాయ కూర మాడి పొగ వచ్చేదాకా నాకు తెలియలేదు. మా ఆయన వాసనకు లేచి వచ్చి, ఎవరంత ముఖ్యమైన వాళ్లని అడిగాడు. ఒక పిల్ల, హాస్టల్లో సాంబారు బాగాలేదంట, అన్నాను. దానికి నా కళ్లెందుకు తడిశాయో ఆయనకు అర్థం కాలేదు. కిటికీ తెరిచి, మాడిన గిన్నెలో నీళ్లు పోసి వెళ్లిపోయాడు.