మ్యానిఫోల్డ్‌లో మిగిలిన పూలగుడ్డ

నిరుడు ఎండాకాలం చివర్లో, ఇంకా వానలు పడకముందు జరిగిన సంగతి ఇది. తాండూరులో నా షెడ్డు రాళ్లకు పాలిష్ పట్టే యూనిట్ల మధ్యలో ఉంటుంది. పొద్దున నల్లగా వచ్చిన బండి సాయంత్రానికి తెల్లబడుతుంది, అంత దుమ్ము. అందుకే మా ఊరి మెకానిక్‌లకు ఒక అలవాటు ఉంది. ఇంజన్ మీది నుంచి ఏ భాగం విప్పినా, ఆ కన్నంలో వెంటనే గుడ్డ కుక్కుతాం. వేరే ఊళ్ల వాళ్లు పైపైన కప్పుతారేమో, మేం లోతుగా దూరుస్తాం. రాతిపొడి లోపలికి పోతే ఇంజన్‌కు సాన పట్టినట్టే కదా.

సుగుణమ్మక్కది బషీరాబాద్ వైపు పల్లె. కంది పండించే కుటుంబం. మా దిక్కు ఆడవాళ్లు స్కూటరెక్కితేనే వింతగా చూసే రోజుల్లో ఆమె అంబాసిడర్ స్టీరింగ్ పట్టింది. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా ఆ బండిలోనే తాండూరు ఆసుపత్రికి తీసుకొచ్చేది. ఇద్దరు ముగ్గురు పిల్లలు దారిలోనే, వెనక సీట్లో పుట్టారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. అక్క బండి ఎదురొస్తే ఆటోను మట్టిలోకి దించి మరీ దారి ఇస్తాడు.

బండి ఆర్‌సీ గడువు ముగియబోతోంది. వికారాబాద్‌లో ఫిట్‌నెస్ పరీక్ష పాసైతే ఇంకో అయిదేళ్లు తిరగనిస్తారు. పాస్ కాకపోతే తుక్కు కింద అమ్మేయాలని కొడుకు పట్టుబట్టాడు, అక్క సరేనంది. ఆ మాట ఆమె నాకు నవ్వుతూనే చెప్పింది గానీ, చెబుతున్నంతసేపూ చెయ్యి బానెట్ మీదే ఉంది.

రోగం కార్బొరేటర్‌లో ఉంది. పెట్రోలునూ గాలినీ సరైన పాళ్లలో కలిపి ఇంజన్‌కు అందించే భాగం అది. లోపలి స్పిండిల్ అనే కడ్డీ అరిగిపోయి, పక్కసందుల్లోంచి గాలి లాగుతోంది. అందుకే బండి ఆగిన చోటల్లా ఇంజన్ కూడా ఆగిపోయేది. మరమ్మతుతో కుదిరే పని కాదని చెప్పి, హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పించాను.

బిగించే రోజు షెడ్డు ముందు జనం పోగయ్యారు. పాత అంబాసిడర్ కదా, ఒకాయన ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. నాకు అసలే నోరు ఎక్కువ. కెమెరా కనబడేసరికి ఇంకా రెచ్చిపోయాను. పాతది విప్పాను. కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు గాలి తీసుకుపోయే గొట్టాన్ని మ్యానిఫోల్డ్ అంటారు, దాని నోట్లో గుడ్డ కుక్కాను. "కంప్యూటర్ బండ్లు ఎవడైన చేస్తడు, కార్బొరేటర్ చేసెటోడే మెకానిక్" అని ఉపన్యాసం ఇస్తూ సందు మూసే గాస్కెట్ పెట్టి, కొత్తది ఎక్కించి, నట్లు బిగించాను. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇంజన్ స్టార్టయింది గానీ కుంటుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే దగ్గుతోంది. ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూద్దామని ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకాను. వెనక రెండింటివి పీకినా మోతలో మార్పు లేదు. కంప్రెషన్ గేజ్ పెట్టాను. సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చెప్పే సాధనం అది. ఆ రెండింటిలోనే ముల్లు సగం కూడా లేవలేదు.

"వాల్వులు కాలిపోయినయక్కా" అన్నాను. సిలిండర్‌లోకి గాలి వచ్చిపోయే దారులను మూసి తెరిచే తలుపులు అవి.

"మొన్నటిదాంక మంచిగనే ఉండె కద తమ్మీ. కార్బొరేటర్ మార్చినంకనే గిట్లయింది."

"బండి ముసల్దక్కా. కొత్త కార్బొరేటర్ పెట్టెసరికి పాత రోగం బయట పడ్డది. హెడ్ తీయాలె. తీసినా గ్యారంటీ చెప్పలేను."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను బండి వయసును తిట్టాను. అప్పుడు నాకు అలా అనిపించలేదు. గేజ్ చూపించింది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

సిలిండర్ల మీది మూతే హెడ్, వాల్వులు అందులోనే ఉంటాయి. ఆ పనికి మా జిల్లాలో వికారాబాద్ గఫార్ భాయ్ పెట్టింది పేరు. బండిని డీసీఎం వ్యానులో ఎక్కించి తీసుకెళ్లాం. అక్కా నేనూ డ్రైవర్ పక్కన కూర్చున్నాం. ధారూర్ దాటుతుండగా కొడుకు ఫోన్ చేశాడు. అతను ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆమె నా పేరెత్తి అన్నది మాత్రం వినబడింది.

"నర్సింలు చెప్పినంక ఇంకేముంది కొడుకా. తుక్కోన్ని రేపు రమ్మను."

ఫోన్ పెట్టేసి, వెనక్కి తిరిగి అద్దంలోంచి బండిని చూసింది. వికారాబాద్ వచ్చేదాకా అటే చూస్తూ ఉంది. "పోనీలే అక్కా, మంచి రోజులే చూసింది" అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానా అని ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

హెడ్ విప్పాలంటే ముందు మ్యానిఫోల్డ్ తీయాలి. గఫార్ భాయ్ నెమ్మదస్తుడు. మ్యానిఫోల్డ్ ఊడదీసి, వెనక సిలిండర్లకు పోయే దారిలోకి టార్చ్ వేసి చూశాడు.

"నర్సింలు భాయ్, జర ఇటు రా" అన్నాడు.

నోస్ ప్లయర్ లోపలికి పోనిచ్చి మెల్లగా లాగాడు. పెట్రోలులో నానిన గుడ్డ బయటికి వచ్చింది. పసుపు రంగు మీద వంకాయ రంగు పూలు. నా భార్య పాత చీర అది. దాన్ని చింపి నేను పనికి వాడుకుంటున్నాను. దాని రెండో ముక్క ఆ క్షణంలో నా భుజం మీదే ఉంది.

గఫార్ భాయ్ గుడ్డను చూసి, నా భుజాన్ని చూసి, తల దించుకున్నాడు. సుగుణమ్మక్క కూడా చూసింది. భుజం మీది ముక్కను లాగేసి జేబులో కుక్కుకోవాలనిపించింది. వాల్వులు కాలలేదు, బండి వయసుదీ తప్పు కాదు. నా గుడ్డ అడ్డంపడి, పాపం, రెండు సిలిండర్లు ఊపిరాడక కొట్టుకున్నాయి. గాలే అందకపోతే గేజ్ ముల్లు ఎలా లేస్తుంది? గేజ్ నిజమే చెప్పింది, తప్పుగా చదివింది నేను. బట్టలిప్పి బజార్లో నిలబెట్టినట్టయింది నాకు.

"హెడ్ ఇప్పే పన్లేదు" అన్నాడు గఫార్ భాయ్, ఎవరి వైపూ చూడకుండా. "ఇట్లనే ఫిట్ చేస్త."

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ మోగింది. మళ్లీ కొడుకే. నా తప్పేనని నేనే ఆ ఫోన్ అందుకుని చెప్పాల్సింది. గుడ్డ వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఆ కొడుకా. వాల్వులు మంచిగనే ఉన్నయంట. దుమ్ము... మన తాండూరు దుమ్మే, గడ్డకట్టి అడ్డం పడ్డది. తీసిండ్రు. తుక్కోన్ని రావద్దని చెప్పు." కాసేపు విని మళ్లీ అంది, "నర్సింలు పక్కకే ఉన్నడు. ఆయనే చూసుకుంటున్నడు."

బిగించాక బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. కొత్త కార్బొరేటర్ అసలు గుణం అప్పుడు తెలిసింది, మోత అంత మెత్తగా ఉంది. మర్నాడు ఫిట్‌నెస్ పాసయింది. తిరుగు దారిలో అక్కే నడిపింది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ధైర్యం కూడగట్టుకుని, "అక్కా, ఆ గుడ్డ..." అని మొదలుపెట్టాను.

"ఎదురుంగ లారీ వస్తుంది, నన్ను మాట్లాడించకు" అంది. లారీ దాటిపోయింది. నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక ఆ వీడియో చూశాను. అప్పటికే అది ఊరి గ్రూపులన్నీ తిరుగుతోంది. అందులో నేను కెమెరా వైపు చూసి నవ్వుతూ నట్లు బిగిస్తున్నాను, కళ్లు పని మీద లేనే లేవు. కింద అందరూ "శభాష్ నర్సింలన్న" అని రాశారు. చచ్చిన బండికి ప్రాణం పోశానని పేరొచ్చింది. అక్క పంపిందంటూ కొడంగల్ నుంచి కూడా పాత బండ్లు రాసాగాయి. వచ్చిన ప్రతి బండీ చెంపదెబ్బలాగే ఉండేది. ఆమె నలుగురిలో నన్ను ఒక్కసారి తిట్టి ఉంటే ఆ రోజే బరువు దిగేది.

ఆ తర్వాత ఉపన్యాసాలు మానేశాను. పని దగ్గర ఫోన్ ఎత్తిన వాళ్లను దూరంగా నిలబెడుతున్నాను. కస్టమర్ "మొన్నటిదాకా బాగుంది" అంటే, ముందు నేను చేసిన పనినే విప్పి చూస్తున్నాను. ఈ వృత్తిలో నాకు ఆలస్యంగా వచ్చిన చదువు ఇంతే.

ఈమధ్య ఆయిల్ మార్పించడానికి అక్క వచ్చింది. పోతూ పోతూ ఒక సంచి చేతికిచ్చింది. లోపల నేత చీర ముక్కలు, అంచులు మడిచి కుట్టినవి. ఒక్కో ముక్కకు ఎర్రటి నాడా కుట్టి ఉంది, చాలా పొడుగ్గా. గుడ్డ ఎంత లోతుకు దూర్చినా నాడా కొస బానెట్ బయటికి వేలాడేంత పొడుగు.

"పాత చీరె తమ్మీ, ఊకెనే పడున్నది. నీ పనికి అక్కరకొస్తదని తెచ్చిన."

నా కళ్లు నిండాయి. "అక్కా, ఆనాడు ఆ గుడ్డ నేనే..."

"ఏ గుడ్డ?" అని బండి స్టార్ట్ చేసింది.