పెంకు అంచున ఆరో పన్ను

మ్యూజియంలో అందరూ ఆమెను పీతలమ్మ అనేవారు. సీసాల్లో నిలవచేసిన పీతల్ని బయటికి తీసి, శాస్త్రవేత్తల పుస్తకాలకు బొమ్మలు గీయడం ఆమె ఉద్యోగం. పెంకు మీద నీడ తేలాలంటే సన్నటి కలంతో వేల చుక్కలు పెట్టాలి. ఒక్కో పీతకు వారం పట్టేది. గదిలో రెండో మనిషి లేకపోవడంతో, ఎవరైనా పలకరిస్తే ముందు గొంతు సవరించుకోవాల్సి వచ్చేది.

ఒకసారి ఒకే జాతి అని చీటీ అంటించిన నాలుగు మగపీతల్ని గీస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. మూడింటికి పెంకు అంచున, కంటి పక్కన, రంపానికున్నట్టు ఐదేసి పళ్లున్నాయి. నాలుగోదానికి ఆరు. రెండో పక్కన చూసినా ఆరే. పొట్ట కింద మడత కూడా మిగతావాటికంటే సన్నగా ఉంది. జాతులు తేల్చే డాక్టరుగారి దగ్గరికి దాన్ని పట్టుకెళ్లింది.

"ఇది వేరే జాతేమోనండీ."

ఆయన భూతద్దం కింద చాలాసేపు చూశారు. "ఒకటీ అరా అలా పుడుతుంటాయమ్మా. ఐదే వేసెయ్యండి."

ఆమె తలూపి వచ్చేసింది. కానీ ఆరే గీసింది. ఆ బొమ్మ పుస్తకంలో రాలేదు. చాలాకాలం తన కళ్లనే తాను నమ్మలేకపోయింది.

ఆయన రిటైరైన తర్వాత కొత్తగా చేరిన పరిశోధకురాలికి బీరువాలో ఆ బొమ్మ దొరికింది. కొన్ని నెలలకు సముద్రంలోంచి అలాంటివే మరో తొమ్మిది వచ్చాయి.

"కొత్త జాతే మేడమ్! దీనికి మీ పేరే పెడుతున్నా. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను" అంది ఆమె.

సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసింది.

"పీతకి నీ పేరా! పోనీలే అక్కా, పెళ్లి మానేసి వాటితో కాపురం చేసినందుకు ఆ మాత్రమైనా దక్కింది. ఉండు, కుక్కర్ కూతేస్తోంది, మళ్లీ చేస్తా."

చెల్లెలి నవ్వుకి ఆమె కూడా నవ్వింది. చెల్లెలు మళ్లీ చేయలేదు. ఆ పీత ఏమిటో తెలిసినవాళ్లు ఇంకెవరని ఆలోచిస్తే, డాక్టరుగారొక్కరే తోచారు. నంబరు వెతికి చేసింది. విషయం చెప్పింది.

"ఆ రోజు నేనూ లెక్కపెట్టానమ్మా. ఆరే. ఒప్పుకుంటే అప్పటికే రాసేసిన అధ్యాయమంతా తిరగరాయాలి. ఓపిక లేకపోయింది."

"ఆ ముక్క అప్పుడే అనుంటే బాగుండేదండీ."

 ఆమెకు ఇంకేం అడగాలో తెలియలేదు. అయినా ఫోన్ పెట్టేయాలనిపించలేదు. అవతల ఆయన ఊపిరి వినబడుతోంది. చివరికి ఆయనే "ఉంటానమ్మా" అన్నారు. ఆమె లేచి లైటు వేసి, ఒక్కదానికి సరిపడా బియ్యం కొలుచుకుంది.