మృగశిర నాడు నానమ్మ వండిన చేప

ఇవాళ మృగశిర కార్తె. మాదాపూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్ నిండా చేపల పులుసు వాసన. నా డబ్బాలో పెరుగన్నం. తొంభైల చివర ఇక్కడే మన బస్తీలో పెరిగినవాళ్లకు గుర్తుందా, ఈ రోజు ప్రతి ఇంట్లో కొర్రమీను ఉడికేది? మా ఇంట్లో తప్ప.

నాన్న తమ్ముడు, మా చిన్నాయన, నేవీలో చేరాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన ఉన్న ఓడ మునిగింది. అప్పటికి ఇరవై ఏళ్లవాడు. శవం కూడా దొరకలేదు. ఆనాటి నుంచి నానమ్మ ఇంట్లోకి చేపను రానివ్వలేదు. "నా కొడుకును ఏ చాప తిన్నదో" అనేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఇదే రోజు, దోస్తులు చేపల పులుసు తిన్న చేతులు నా ముక్కు దగ్గర పెట్టి ఊరించారు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి నానమ్మ మీద అరిచాను.

"ఎప్పుడో సచ్చిపోయినోని కోసం నేనెందుకు తినొద్దు? ఇవి చెరువు చాపలే గదా!"

ఆమె సంచి పట్టుకుని బజారుకు పోయింది. ముక్కుకు కొంగు కట్టుకుని, తన చేత్తోనే చేపను కోసి, కడిగి, పులుసు పెట్టింది. కంచం నా ముందు పెట్టి, గోడ మీద తెల్లటోపీ పెట్టుకున్న కొడుకు ఫోటోకు వీపు తిప్పి కూర్చుంది.

"ముండ్లుంటయి బిడ్డా, జర చూసుకుంట తిను."

తొమ్మిదేళ్ల పిల్లాడికేం తెలుసులే అని నన్ను ఓదార్చకండి. ఆ ఫోటో ఎవరిదో నాకు తెలుసు.

తిన్నాను. ఇంకో ముక్క వెయ్యమని అడిగాను కూడా.

వేసింది.